తీసేసిన ముక్క మోసే బరువు

బాబాయిగారు పోయారు. ఇంటివారి కోడలు పొద్దున్నే పాలచెంబు చేత్తో పట్టుకునే వచ్చి, "బబా నఇ రహిస్, బహినీ" అంటూ మా గుమ్మంలో కూలబడింది. ఆవిడ ఛత్తీస్‌గఢీ మనిషి, ఆయన మాట్లాడే తెలుగులో ఒక్క ముక్క అర్థం కాదు, అయినా వెక్కి వెక్కి ఏడుస్తోంది. గోడకి గోడ ఆనుకుని ఇన్నేళ్ళు బతికినదాన్ని, నాకు మాత్రం కళ్ళు తడవలేదు. పొయ్యి మీద పప్పు దించి, చేతులు కడుక్కుని, పక్క వాటాలోకి వెళ్ళాను. నులకమంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. కళ్ళజోడు తీసి దిండు పక్కన మడిచి పెట్టుకున్నారు. నేనే వెల్లకిలా తిప్పి, దుప్పటి సరిచేశాను.

మన తెలుగువాళ్ళ సంఘం పత్రికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. "ఎంత మంచివారో రాయండమ్మా" అన్నారు. పోయినవాళ్ళని మంచివాళ్ళని రాయడం కన్నా సులువైన పని లేదు. పోయాక అందరూ మంచివాళ్ళే. ఈయన సంగతి అలా కాదు. నా భర్త చావులో ఈయన చెయ్యి ఉంది. ఆ మాట పుట్టించింది నేను కాదు, ఆయనే నలుగురి ముందూ చెప్పారు. చెప్పకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, ఈపాటికి ఆయన పెద్ద పేరుతో, పెద్ద దండలతో పోయేవారు. ఈ రెండూ కలిపి రాస్తేనే ఆయన్ని గురించి రాసినట్టు. సంఘం వాళ్ళకి నచ్చకపోతే వేసుకోవడం మానేస్తారు.

మేం భిలాయి వచ్చేసరికి ఊరు ఇంకా ఊరు కాలేదు. ఒక పక్క చిమ్నీలు లేస్తుంటే ఇంకో పక్క ఎర్రమట్టి ఎగురుతూ ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినవాళ్ళకి సెక్టర్లలో క్వార్టర్లు, దొరకనివాళ్ళకి సుపేలాలో పెంకుటిళ్ళు. మేం రెండో రకం. మా ఆయన వెల్డరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. హథ్‌ఖోజ్ వైపు ఒక ప్రైవేటు షెడ్డులో పని. ఫ్యాక్టరీకి కావలసిన టాంకులు, గొట్టాలు అక్కడ చేసేవారు. ఆ షెడ్డుకి డ్రాయింగులు గీసే ఇంజనీరే బాబాయిగారు. వాల్తేరులో రైల్వే బాయిలర్ల దగ్గర జీవితమంతా గడిపి, రిటైరై, ఇక్కడికి వచ్చారు. భార్య అప్పటికే పోయింది. ఒక్కగానొక్క కొడుకు రైల్వేలోనే ఎక్కడో ఉండేవాడు. వరసకి మాకు ఏమీ కారు. గోడ కలిసింది కాబట్టి బాబాయిగారయ్యారు.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. కన్నం ఉన్న వస్తువు ఏది కనపడినా బొటనవేలితో దాని అంచు తడిమేవారు. తాళంకప్ప, బొత్తాం, మురళి, జల్లెడ, ఆఖరికి మా అమ్మాయి చెవికమ్మలు కూడా. అంచు గరుగ్గా ఉంటే మొహం చిట్లించేవారు. "చిల్లు పొడవడం ఎలకక్కూడా వొచ్చు. అంచు చూసుకోవాల" అనేవారు.

ఒకసారి నేను మిరపకాయలు వేయిస్తుంటే గోడ అవతలి నుంచే కేకేశారు.

"గాటెట్టేవా అమ్మా మిరపకాయలకి?"

"పెట్టేనండీ."

"పెట్టకపోతే ఏటవుద్ది?"

"పేల్తాయండీ."

"ఎలాగ పేల్తాయి? అడ్డంగానా, నిలువునా?"

నేను గరిటె పట్టుకుని ఆలోచించాను. అన్నేళ్ళు వంట చేసినదాన్ని, అడ్డంగా పేలిన మిరపకాయని ఒక్కదాన్ని కూడా చూడలేదు. ఆయన చెంబు పట్టుకుని మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నారు. "గాలి అన్ని పక్కలా ఒక్కలాగే తోస్తాది. కానీ గొట్టం గోడ మీద, నడుం చుట్టూ పడే లాగుడు పొడుగునా పడే లాగుడికి రెట్టింపు. పొట్ట పెరిగినోడికి చొక్కా బొత్తాలు ఊడతాయి గానీ, చొక్కా నడుం దగ్గర రెండు ముక్కలవదు కదా. మిరపకాయైనా బాయిలరైనా అంతే" అన్నారు. మా ఆయన పక్కన కూర్చుని నవ్వుతూ, "ఏటి బాబుగోరూ, ఆడోళ్ళకి కూడా బాయిలరు పాఠాలా?" అన్నారు. ఆ పాఠం నాకు ఇంత బాగా గుర్తుండిపోతుందని ముగ్గురిలో ఎవరం అనుకోలేదు.

షెడ్డులో గాలిటాంకు ఒకటి ఉండేది. ఇనుము చెక్కే సుత్తులు గాలితో నడుస్తాయి. మిషను గాలిని తోస్తుంటే పెద్ద పీపాలాంటి ఆ టాంకులో నిండి, అక్కణ్ణించి రబ్బరు గొట్టాల్లోకి వెళుతుంది. టాంకు అడుగున చమురూ నీళ్ళూ చేరతాయి. అవి తుడవడానికి చెయ్యి దూరేటంత కన్నం ఒకటి ఉండాలి. ఆ కన్నం గుడ్డు ఆకారంలో ఉంటుంది. అలా ఉంటేనే మూతని వాలుగా లోపలికి దూర్చి, లోపలి నుంచి అంచుకి ఆనించి బిగించవచ్చు. ఇక గాలే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. అప్పట్లో నాకు తెలిసిందల్లా పాత టాంకు మూత దగ్గర గాలి కారుతోందని, వారం వారం దాని పేకింగు మార్చలేక మా ఆయన విసుక్కుంటున్నారని.

కొత్త టాంకు మొదలుపెట్టినప్పుడు, ఒక సాయంత్రం మా అరుగు మీద ఆ ప్రస్తావన వచ్చింది. నేను బియ్యంలో రాళ్ళేరుతూ అక్కడే ఉన్నాను.

"బాబుగోరూ, ఈపాలి కన్నం తిప్పి కోసీనా?" అన్నారు మా ఆయన. "మీరు గీసినట్టు నడుం చుట్టూ కోస్తే మూత కూడా వొంకీగా చెయ్యాల, అది సరిగ్గా కూకోదు. టాంకు పొడుగునా కోస్తే సదరంగా కూకుంటాది."

బాబాయిగారు టీ గ్లాసు కింద పెట్టారు. "తిప్పకూడదోయ్. గుడ్డు పొడుగునా పడుకుంటే దాని కొసల మీద లాగుడు మూడింతలవుద్ది. మిరపకాయకి మనమే దారి గీసిచ్చినట్టు."

"చుట్టూ దన్నుపట్టీ ఏస్తన్నాం కదేటి?"

అంతకు ముందే షెడ్డు యజమాని షేట్ పంపిన మనిషి వచ్చి డ్రాయింగులన్నీ ఈ వారంలో కావాలని తొందరపెట్టి వెళ్ళాడు. బాబాయిగారు నుదురు రుద్దుకుని, "పట్టీ మందం పెంచితే సరిపోద్దిలే. ఎంత పెంచాలో రేపు లెక్కకట్టి చెప్తాను. నువ్వు కన్నం కోసీ" అన్నారు.

ఆ రేపు రాలేదు. పని మీద పని వచ్చి పడింది, ఆయన మరిచిపోయారు. మా ఆయన ఆయన మాట మీద కన్నం తిప్పి కోశారు, డ్రాయింగులో ఉన్న మందంతోనే పట్టీ వేశారు. మూత సదరంగా కూర్చుంది. చుక్క గాలి కారలేదని ఇంటికొచ్చి మురిసిపోయారు కూడా. కన్నంలోంచి ఊడిపడిన ఇనప ముక్కని గోనెగుడ్డలో చుట్టి తెచ్చి, "ఇదిగోనే, నీ పప్పుగిన్నెకి కుదురు" అని నా ముందు పెట్టారు. జానెడు పొడుగు, అందులో సగం వెడల్పు ఉండే గుడ్డు ముక్క. మధ్యలో కాస్త పల్లంగా ఉంటుంది కాబట్టి గిన్నె అందులో కూర్చునేది. కాకపోతే పక్కకి ఊగేది. రోజూ పప్పు ఒలికేది, నేను రోజూ తిట్టేదాన్ని.

కొన్ని నెలలపాటు ఆ టాంకు బాగానే పనిచేసింది. పొద్దున్న గాలి నిండడం, సాయంత్రం ఖాళీ అవడం. వంచి చాచి, వంచి చాచి తీగని తెంపుతాం చూడండి, కన్నం కొసల దగ్గర ఇనుముకి జరిగింది అదే. పైకి ఏమీ కనపడలేదు. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఆయన టాంకు కింది కుళాయి విప్పి నీళ్ళు వదలడానికి వంగారు. టాంకు పేలిన చప్పుడు సుపేలా దాకా వినపడిందని అంటారు. నాకు వినపడలేదు. నేను పెరట్లో వడియాలు పెడుతున్నాను. ఆయన్ని బట్టలో చుట్టి తెచ్చారు. మొహం చూడనివ్వలేదు. చేతికి నేను కట్టిన ఎర్రతాడు చూసి, అవును ఈయనే అన్నాను. అదే షెడ్డులో ఇంకో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. అందులో ఒకడు మా ఊరివైపు కుర్రాడే, కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

బాబాయిగారు పాడె మోశారు. మోసి వచ్చి, తలుపు వేసుకున్నారు.

షేట్ చెడ్డవాడని నేను అనను. భయపడినవాడు. టాంకు నిలువునా చీలింది. రేకుని చుట్టి టాంకు చేసేటప్పుడు వేసే అతుకు కూడా నిలువునే ఉంటుంది. దూరం నుంచి చూసినవాడెవడైనా అతుకు ఊడిందనే అంటాడు. "జోడ్ ఖుల్ గయా" అని షేట్ అందరికీ చెప్పాడు. అతుకు వేసింది మా ఆయన. చచ్చినవాడు వచ్చి కాదనలేడు. టాంకుని ముక్కలు కోయించి తుక్కులో పంపేశారు. ఉక్కు ఊళ్ళో తుక్కు ఎక్కువ రోజులు నేల మీద ఉండదు, కొలిమిలోకి పోతుంది.

చెయ్యి పోయిన కుర్రాడి తల్లి వీధి కుళాయి దగ్గర నా బిందెని కాలితో పక్కకి తోసింది. "నీ మొగుడు సరిగ్గా అతకలేదు, నా కొడుకు చెయ్యి పోనాది. నీకు నీల్లు కావాలేటి?" అంది. నేను బిందె తీసుకుని పక్కకి జరిగాను. ఆవిడ కొడుకు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, ఆవిడ ఎవరినో ఒకరిని అనాలి. మా అమ్మాయికి అప్పటికి మాటలు బాగా వచ్చాయి. సందులో పిల్లలు తన తండ్రి పేరెత్తి "ఇసీ కే బాప్ నే టంకీ ఫోడీ" అన్నారని వచ్చి, "అమ్మా, ఫోడీ అంటే పగలగొట్టడమేనా?" అని అడిగింది.

నేను షేట్ దగ్గరికి వెళ్ళాను. కన్నం తిప్పి కోశారు, అందువల్లే పగిలింది, అతుకు వల్ల కాదు అని చెప్పాను. అతను డ్రాయింగు తెప్పించి బల్ల మీద పరిచాడు. "దేఖియే బహన్‌జీ" అని వేలు పెట్టి చూపించాడు. డ్రాయింగులో కన్నం సరిగ్గానే, నడుం చుట్టూ తిరిగి ఉంది. కింద బాబాయిగారి సంతకం. తిప్పి కోస్తే మీ ఆయన సొంతబుద్ధితో కోసి ఉంటాడు అన్నాడు. అతుకు ఊడినా మా ఆయన తప్పే, కన్నం తిరిగినా మా ఆయన తప్పే. ఎటు పోయినా ఆయన మీదకే వచ్చేలా ఉంది.

ఆ అరుగు మీది మాట విన్నవాళ్ళం ముగ్గురం. ఒకరు పోయారు. నేను చచ్చినవాడి పెళ్ళాన్ని, నా మాట ఎవరూ నమ్మరు. మిగిలింది గోడ అవతలి మనిషి. గోడ అవతలి నుంచి దగ్గు వినపడేది, చెంబు చప్పుడు వినపడేది, మాట వినపడలేదు. నేను వెళ్ళి తలుపు తట్టలేదు. ఆయనకి తెలియని సంగతి ఏదన్నా ఉంటే కదా నేను వెళ్ళి చెప్పడానికి! ఆ రోజుల్లో ఆయన్ని ఎంత అసహ్యించుకున్నానో రాస్తే ఈ కాగితం చాలదు. డ్రాయింగు ఆయనకి కాపలా కాస్తోంది, టాంకు కరిగిపోయింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఆయనకి ఏమీ కాదు.

ఫ్యాక్టరీలు చూసే సర్కారు ఇనస్పెక్టరు మర్నాడు వస్తాడనగా, పొద్దున్నే బాబాయిగారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ అరుగు దాటనివారు, నేరుగా వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. గడ్డం పెరిగి ఉంది. ఏదో చెప్పడానికే వచ్చారు, నోరు తెరిచారు కూడా. అంతలో నేను మా అమ్మాయికి పప్పు వడ్డించి గిన్నెని ముక్క మీద పెట్టాను. అది ఊగింది. ఆయన చూపు దాని మీద ఆగిపోయింది.

"అది ఎక్కడిదమ్మా?"

"మీకు తెలీదేటి?" అన్నాను.

ఆయన గొంతుకూర్చుని, గిన్నె తీసి పక్కన పెట్టి, ముక్క కొస మీద వేలితో నొక్కారు. కదల్లేదు. పక్క అంచు మీద నొక్కారు. ఊగింది. సొరకాయ మీంచి నిలువునా ఒక పెచ్చు తీసి చూడండి, పొడుగునా తిన్నగా ఉండి, పక్కలకి వంగి ఉంటుంది. అదే పెచ్చు కాయ చుట్టూ తీస్తే కొసలు పైకి లేచి దోనెలా ఉంటుంది. ఈ ముక్క పక్కకి మాత్రమే ఊగుతోంది. అంటే కన్నం ఎటు కోశారో దాని ఒంట్లోనే రాసి ఉంది. నేను రోజూ తిట్టుకున్నది దాన్నే. నా పిల్ల పప్పన్నం తింటూ ఆయన్నే చూసింది.

"ఇది ఒక్కరోజు నాకియ్యమ్మా. మల్లీ తెచ్చి ఇచ్చీస్తాను."

"దేనికి?"

"చెప్పడానికి."

విచారణ షెడ్డులోనే జరిగింది. నన్నూ పిలిచారు. నేను ఒక మూల పిల్లని పట్టుకుని నిలబడ్డాను. షేట్ తన మాట చెప్పాడు, డ్రాయింగు పరిచాడు. బాబాయిగారు తువ్వాలు విప్పి ఆ ముక్కని సరిగ్గా డ్రాయింగు మీదే పెట్టి, అంచు మీద వేలు వేశారు. ఇనస్పెక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడారు. నాకు అప్పుడు సగమే అర్థమైంది. తరవాత ఆయనే ప్రతి మాటా నాకు తెలుగులో చెప్పారు, ఏ ఒక్కటీ దాచుకోకుండా. డ్రాయింగు ప్రకారం కోసి ఉంటే ఇది కొసల మీద ఊగాలి, పక్కలకి ఊగుతోంది కాబట్టి కన్నం తిప్పి కోశారు అన్నారు. చీలిక మొదలైంది కన్నం రెండు కొసల నుంచీ, ముక్కలు చెయ్యకముందు నేను కళ్ళారా చూశాను, అవతలి పక్కనున్న అతుకు చెక్కుచెదరలేదు అన్నారు. ఎవరు తిప్పమన్నారని ఇనస్పెక్టరు అడిగాడు.

"నేను."

కాగితం ఉందా అన్నాడు. లేదు, నోటిమాట, ఈ అమ్మాయి ఇంటి అరుగు మీద అన్నారు. వెల్డరు అడిగితేనే కదా మీరు ఒప్పుకున్నారు, అతనికీ బాధ్యత ఉన్నట్టే కదా అన్నాడు ఇనస్పెక్టరు. అప్పుడు బాబాయిగారు గొంతు పెంచడం మొదటిసారి విన్నాను. "అడగడం అతని పని. కాదనడం నా పని. అతను తన పని చేశాడు" అన్నారు. షేట్ తల పట్టుకుని, "పాగల్ హో గయే క్యా, బాబూజీ?" అన్నాడు.

మా ఆయన పేరు మీది మచ్చ ఆ రోజుతో పోయింది. బాబాయిగారి బతుకు కూడా ఆ రోజుతోనే పోయింది. షెడ్డులోంచి పంపేశారు. ఆ తరవాత ఆయన సంతకం ఉన్న కాగితాన్ని ఈ ఊళ్ళో ఎవరూ ముట్టుకోలేదు. కొడుకు ఒకసారి వచ్చి, ఈ వయసులో ఎవరడిగారు నిన్ను అని అరిచి వెళ్ళిపోయాడు. సెక్టర్ 4లో ఉండే మన పెద్ద ఇంజనీర్లు, ఆయనతో పేకాడినవాళ్ళు, బజారులో ఎదురుపడితే కొట్ల వైపు తిరిగేవాళ్ళు. అన్నమాట ప్రకారం ఆయన ముక్కని తెచ్చి ఇచ్చారు. నేను తీసుకుని ఆయన మొహం మీదే తలుపు వేశాను. నిజం చెప్పినందుకు మెచ్చుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆ నిజం వల్ల నా మొగుడు లేచి రాలేదు. కుళాయి దగ్గర మాత్రం ఆ కుర్రాడి తల్లి తన బిందె జరిపి నా బిందెకి చోటిచ్చింది.

చాలా రోజుల తరవాత ఆయన నల్లసిరా, గీతల కలం, మైనపు గుడ్డలాంటి, కింది గీత పైకి కనపడే నీలిరంగు గుడ్డ చుట్ట తెచ్చి మా అరుగు మీద పెట్టారు. "డ్రాయింగు ఆఫీసుల్లో నకళ్ళు తియ్యడానికి ఆడోళ్ళని తీసుకుంటన్నారు. చెయ్యి కుదురుగా ఉండాలంతే. నేర్పుతాను" అన్నారు.

"మీ దగ్గర నేర్చుకోవాలా నేను?"

"నా దగ్గరే నేర్చుకో. తప్పు ఎక్కడ జరుగుతాదో నాకు తెలిసినట్టు ఇంకోడికి తెలీదు."

ఆకలి ముందు కోపం ఎంతకాలం నిలుస్తుంది? నేర్చుకున్నాను. ఆ పనితోనే ఈ రోజు నా ఇల్లు గడుస్తోంది. డ్రాయింగులో ఎక్కడ కన్నం వచ్చినా ఆయన నా కలం ఆపించేవారు. "ఇక్కడ ఇనుము ఉండేది, తీసీసేం. అది మోసిన బరువు ఇప్పుడెవరు మోస్తన్నారు?" అని అడిగేవారు. అంచు అనాలి నేను. "అవును. తీసేసిన ముక్క బరువు ఎక్కడికీ పోదమ్మా. పక్కనున్నది మొయ్యాలి. ఆనుకునున్న దానికి అందరికన్నా ఎక్కువ, దూరంగా ఉన్నదానికి అసలు తెలీనే తెలీదు" అనేవారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. గీత మీద కన్నీటిబొట్టు పడి సిరా అలుక్కుపోయింది. ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని, నేను తేరుకున్నాక ఇంకో గుడ్డముక్క ఇచ్చారు.

ఇన్నేళ్ళలో ఆయన మా ఇంట్లో ఒక్క మెతుకు తినలేదు. నేను పెట్టకపోవడం కాదు, ఆయన ముట్టేవారు కాదు. ఏటా మా ఆయన తద్దినం నాడు పొద్దున్నే స్నానం చేసి వచ్చి, మెట్టు మీద తల వంచుకు కూర్చునేవారు. పురోహితుడు వెళ్ళాక లేచి వెళ్ళేవారు. మా అమ్మాయి మాత్రం ఆయన్ని తాతా అని వదిలేది కాదు. సగం తెలుగు, సగం హిందీలో ఆయనకి సినిమా కథలు చెప్పేది. ఒకసారి దాని ప్లాస్టిక్ మగ్గు పగిలితే, పగులు ఎక్కడిదాకా పాకిందో చూసి, సరిగ్గా ఆ కొస మీద సన్నటి గుండ్రటి కన్నం వేసి ఇచ్చారు. "ఇంక పాకదు. కొస మొనదేలి ఉంటేనే పాకుతాది, గుండ్రంగా చేసీసేం" అన్నారు. అది "తాతా, టంకీకి కూడా ఇలా చేసి ఉంటే?" అని అడిగింది. పిల్ల అడిగింది, ఏం చేస్తాం. ఆయన ఆ మగ్గుని చేతిలో తిప్పి, కన్నం అంచుని బొటనవేలితో తడిమారు.

ఒక రోజు పప్పుగిన్నె ఊగి, వేడి పప్పు నా కాలి మీద పడింది. కోపంతో ముక్క కింద చెక్కపేడు దూర్చబోతుంటే, అరుగు మీంచి ఆయన లేచి వచ్చారు. "ఒద్దమ్మా. ఊగనీ. అది పక్కకి ఊగినన్నాళ్ళూ మీ ఆయన మీద మాట రాదు."

"మీ మీద వొస్తాది కదండీ" అన్నాను. మంటలో అనేశాను.

"రావాల" అన్నారు ఆయన, మామూలుగా, పాలు రావాలి అన్నట్టు.

ఈ వానాకాలంలో మంచం పట్టారు. కొడుక్కి కబురు పంపిస్తే జవాబు రాలేదు. నేను జావ కాచి తీసుకెళ్ళాను. గిన్నె చూసి తల అడ్డంగా ఊపారు. "ఇన్నాళ్ళూ తినలేదు కదమ్మా" అన్నారు. "ఇన్నాళ్ళూ మీరు తినలేదు. ఇవాళ నేను పెడతన్నాను. నోరు తెరవండి" అన్నాను. తెరిచారు. రెండు చెంచాలు మింగారు, మూడోది పెదాల పక్క నుంచి కారిపోయింది. నేను కొంగుతో తుడిచాను. ఆయన కళ్ళు మూసుకుని, నా కొంగు అంచుని బొటనవేలితో తడుముతూ పడుకున్నారు. ఆయన్ని క్షమించేవా అని ఈ నాలుగు రోజుల్లో చాలామంది అడిగారు. నాకు తెలియదు. జావ పెట్టాను, అంతవరకే నాకు తెలుసు.

కొడుకు తంతి అందుకుని ఆఖరికి వచ్చాడు. శివనాథ్ నది ఒడ్డున కార్యం జరిగింది. మోయడానికి మనుషులు చాలలేదు. చెయ్యి పోయిన ఆ కుర్రాడు వచ్చి, ఎవరూ అడక్కుండానే, ఎడమ భుజం పాడె కింద పెట్టాడు. నేను వెనక నడిచాను. ఆడవాళ్ళు రాకూడదని ఎవరో గొణిగారు, నేను వినిపించుకోలేదు. అక్కడ కళ్ళు తడిశాయి నాకు.

ఇంటికొచ్చి తలస్నానం చేసి, సాయంత్రం పప్పు వండాను. గిన్నె తెచ్చి ముక్క మీద పెట్టాను. ఊగింది. మా అమ్మాయి ఇప్పుడు కొంచెం పెద్దదైంది, తల్లి బాధ కనిపెట్టగలదు. కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి, ముక్క అంచు కింద దూర్చబోయింది.

"రహనే దో" అన్నాను. నోటికి హిందీయే వచ్చింది. "ఊగనీ."

అది చెయ్యి వెనక్కి తీసుకుంది. గిన్నె అటు వాలింది, ఇటు వాలింది, కొంచెం పప్పు అంచు దాటి నేల మీద పడింది. కంచాల్లో అన్నం అలాగే ఉంచుకుని, అది ఆగేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.